కెప్టెన్ కెరటం

నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. మెడ దగ్గర రబ్బరు సూటు సందులోంచి ఒక్కో చుక్కా లోపలికి జారి వెన్ను మీదుగా కిందికి పాకుతోంటే, ఆమె కాళ్ళకి తొడుక్కున్న రబ్బరు రెక్కల్ని నెమ్మదిగా ఆడిస్తూ, కెమెరా ఉన్న పెట్టెను రెండు చేతులతో గడ్డం కింద పొదువుకుని తేలుతోంది. చంటిదాన్ని ఎత్తుకుని నీళ్ళలో దిగినట్టుంటావక్కా అనేవాడు తమ్ముడు. చంటిదే మరి. నీళ్ళు తగలకూడదు, ఎండ తగలకూడదు, జోలపాటొక్కటే తక్కువ. అల్యూమినియం పెట్టె, ముందు గుండ్రటి అద్దం, కింద పిడి, పిడికి వేలు పట్టేంత మీట. పెట్టె లోపల తమ్ముడి కంటే వయసులో పెద్దదైన కెమెరా, కెమెరా లోపల ఫిల్ము, ఫిల్ములో ఇంకా కొన్ని ఫ్రేములు. కొన్నే. నీళ్ళలో ఉండగా రీలు మార్చడం కుదరదు. పెట్టె తెరవాలంటే ఒడ్డుకి వెళ్ళాలి, చేతులు తుడుచుకోవాలి, ఆ లోపు రావలసిన కెరటం వచ్చి వెళ్ళిపోతుంది. అందుకే ఫిల్ముతో తీసేవాళ్ళు పిసినారులవుతారు. పొద్దున్న దిగినప్పటి నుంచి చిన్నాచితకా అలలు ఎన్నో పోయాయి, వాటి మీద కెప్టెన్ ఎన్నో విన్యాసాలు చేశాడు, ఆమె ఒకటీ అరా మాత్రం నొక్కి మిగతావాటికి తల ఊపి ఊరుకుంది. వాడు అర్థం చేసుకున్నాడు. పెద్దదాని కోసం దాచుకుంటోంది అనుకున్నాడు. అనుకోనీ.

వాడు అక్కడ, బయటి వరసలో, సర్ఫింగు బోర్డు మీద కాళ్ళు చెరోవైపూ వేసుకుని కూర్చుని సముద్రం వైపు చూస్తున్నాడు. వీపు కనిపిస్తోంది. మనసులో వాడు అనుకుంటుంది, ఎదురుగా మీరు అంటుంది. ఇన్నేళ్ళుగా ఇదే పద్ధతి, నోరు ఎప్పుడూ జారలేదు. అందరూ కెప్టెన్ అంటారు. ఏ ఓడకీ కెప్టెన్ కాదు, ఏ జట్టుకీ కాదు. కుర్రతనంలో ఎవరో వేళాకోళానికి అన్న మాట బోర్డుల కంపెనీవాళ్ళు పోస్టర్ల మీదకి ఎక్కించేసరికి అసలు పేరుతో కన్నతల్లి కూడా పిలవడం మానేసింది. లెన్సులోంచి చూసీ చూసీ ఆ వీపు ఆమెకి కొట్టిన పిండి అయిపోయింది. ఎడమ భుజం కొంచెం వాలి ఉంటుంది. కెరటం రాబోయే ముందు, ఇంకా ఎవరికీ ఏమీ కనిపించకముందే, మెడ వెనక కండ ఒకసారి బిగుస్తుంది. కట్టుకున్నదానికి కూడా తెలియని సంగతులు ఇవి. ద్వేషించేవాళ్ళని మనం ఎంత శ్రద్ధగా చూస్తామో. ప్రేమించినవాళ్ళని ఇంత చూశానా అని అడుగుతుంది తనని తాను ఒక్కోసారి, జవాబు రాకముందే మాట మారుస్తుంది. ఆ మెడ బిగిసేదాకా చెయ్యాల్సిందేమీ లేదు. ఫోటోలు తీయడం అంటారు గానీ ఆమె జన్మంతా చేసింది ఎదురుచూడటమే, మధ్యలో అప్పుడప్పుడూ ఒక వేలు కదిలిందంతే.

ఈసారి ఆ వేలు కదలదు. అనుకున్న పని ఇంతే, పని అని కూడా అనకూడదేమో. వాడి బతుక్కంతటికీ పెద్దదైన కెరటం వస్తుంది, వాడు దాని మీద లేస్తాడు, ఆమె సరైన చోట ఉంటుంది, పెట్టె అద్దంలోంచి చూస్తుంది, నొక్కదు. డిజిటల్ కెమెరా అయితే వాడు నీళ్ళలోనే పక్కకొచ్చి చూపించమంటాడు, వెనక తెర మీద వేలు పెట్టి ఇటు జరుపు అటు జరుపు అంటాడు. ఇది ఫిల్ము. కడిగేదాకా లోపల ఏముందో దేవుడికి కూడా తెలియదు. పడిందా అంటే పడిందండీ అనాలి. రోజులు గడుస్తాయి. మిగతావి ఒక్కొక్కటే పంపుతుంది, ఆ ఒక్కటీ తప్ప. వాడు ఫోన్ చేస్తాడు. మళ్ళీ చేస్తాడు. లెన్సు మీద నీటిచుక్క పడిందండీ, ఏం చెయ్యను, అని ఆమె మెత్తగా అంటుంది. ఆ మెత్తదనాన్ని ఇక్కడికి వచ్చే దారిలో, బస్సు కిటికీకి తల ఆనించి, పెదాలు మెల్లగా కదుపుతూ అభ్యాసం చేసుకుంది. పక్క సీటులో పెద్దావిడ ఏదో జపం చేసుకుంటోందనుకుని చోటిచ్చి జరిగి కూర్చుంది.

పబ్లిషరమ్మ ఫోన్ చేసినప్పుడు ఆమె సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. కెప్టెన్ గారి ఆఖరి పుస్తకమండీ, మొత్తం ఫిల్ము మీదే తీయాలంటున్నారు, మీరైతేనే చేస్తానంటున్నారు, పాత సంగతులేవో ఉన్నాయని విన్నాను, మీకు ఇబ్బంది అనిపిస్తే... నాకేం ఇబ్బంది లేదండీ, అంది. అంత వెంటనే అన్నందుకు తనకే ఆశ్చర్యమైంది. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే గిన్నె గీరుకుపోయి అడుగు తెల్లగా తేలింది. ఆ రాత్రి ఫ్రిజ్ తెరిచి కూరగాయల పక్కన డబ్బాలో ఉన్న రీళ్ళు తీసి చూసుకుంది. చల్లగా ఉంచితే ఫిల్ము ఏళ్ళ తరబడి చెడిపోదు. ఇన్నాళ్ళూ చెడిపోకుండా ఉన్నది అదొక్కటే కాదు ఆ ఇంట్లో.

అలకి ఒక న్యాయం ఉంది. అల విరుగుతున్న చోటికి ఎవరు దగ్గరగా ఉండి ముందు లేస్తే అది వాళ్ళది. పక్కవాళ్ళు ఎంతటివాళ్ళైనా ఆగాలి. అంతకు మించి సముద్రంలో చట్టం లేదు, పోలీసు లేడు. ఏళ్ళ కిందట ఆ రోజు తమ్ముడు ముందు లేచాడు. ఆమె చూసింది. చూడటమే ఆమె పని, చూడలేదని ఎవరూ అనలేరు. నూనూగు మీసాలవాడు, మూడో ప్రయత్నానికి సరిగ్గా నిలబడి, మోకాళ్ళు వంచి, ఎడమ చెయ్యి నీటిగోడకి ఆనించి, నోరు తెరుచుకుని వస్తున్నాడు. ఆ వయసులో ఆనందానికి నోరు మూసుకోవడం తెలియదు. ఆమె నొక్కింది. అప్పుడు పక్క నుంచి, అల భుజం మీద నుంచి, ఇంకా విరగని చోటు నుంచి కెప్టెన్ దిగాడు. తమ్ముడి దారికి అడ్డంగా. ఆమె నొక్కింది. మూడోసారి నొక్కేసరికి నురగ తప్ప ఏమీ లేదు, నురగలోంచి కెప్టెన్ బోర్డు అడుగున కత్తిలా ఉండే రెక్క ఒక్క క్షణం పైకి లేచి మునిగింది. ఆ తర్వాతది ఆమె ఫిల్ము మీద లేదు, ఉన్నదల్లా అరచేతుల్లో ఉంది: తమ్ముడి తలని నీళ్ళ పైకి ఎత్తి పట్టుకున్నప్పుడు వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా కారినది, అక్కా ఏదీ కనబడట్లేదే అని వాడు మామూలుగా, దీపం పోయిందన్నంత మామూలుగా అన్న మాట. ఇదంతా జరుగుతుండగా కెప్టెన్ ఆ అలని వదల్లేదు. చివరిదాకా వెళ్ళాడు. అల వాలిపోయి, బోర్డు దానంతటది ఆగిపోయాక, అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. కావాలని గుద్దాడా అని ఎవరైనా అడిగితే ఆమె అవునని ప్రమాణం చెయ్యలేదు. కానీ చివరిదాకా వెళ్ళాడు. అది మాత్రం దేని మీదైనా చెయ్యేసి చెబుతుంది.

ఇప్పుడు ఒక అల వచ్చింది. మధ్యరకంది. కెప్టెన్ పట్టించుకోలేదు, బోర్డు ముక్కు పైకెత్తి దాన్ని కిందనుంచి పోనిచ్చాడు. ఆమె ఊపిరి బిగించి మునిగి, అది తల మీదుగా దొర్లిపోయాక లేచి, అద్దం మీద ఉమ్మి రాసి కడిగింది. ఉమ్మి రాస్తే చుక్కలు నిలవవు. ఇంత పాడు పనికి కూడా అద్దం శుభ్రంగా ఉండాలా అని నవ్వొచ్చింది. ఉండాలి. మురికి అద్దంతో తప్పిపోతే అది పొరపాటవుతుంది. పొరపాటు కాకూడదు.

ఆసుపత్రి వసారాలో ఇనప కుర్చీలు ఒకదానికొకటి అతికించి ఉండేవి, ఎవరు కదిలినా అందరూ కదిలేవారు. ఆ కుర్చీల్లో కూర్చుని ఆమె కెమెరా ఎక్కడుందో కూడా మర్చిపోయింది. సంచీ అద్దె జీపులో ఉండిపోయింది, జీపు కెప్టెన్ దగ్గర ఉంది. కెప్టెన్ ఆ రీలు తీసుకెళ్ళి ఆమె ఎప్పుడూ ఇచ్చే ల్యాబులోనే ఇచ్చాడు. మీరు పంపారన్నారమ్మా, మీ పని కదా అని వేరే పనులు పక్కన పెట్టి మరీ కడిగాను అన్నాడు ల్యాబు ఆయన తర్వాత, నీళ్ళు కారుతున్న చేతులు చొక్కాకి తుడుచుకుంటూ. ఆయన్ని ఏమని తిడుతుంది. తమ్ముడికి రెండో ఆపరేషన్ అయిన మర్నాడు, ఆసుపత్రి గేటు పక్క దుకాణంలో మంచినీళ్ళు కొంటుంటే, తీగ మీద క్లిప్పులు పెట్టి వేలాడదీసిన పత్రికల్లో అది కనిపించింది. పచ్చటి నీటిగోడ. దాని కింద వంగి, చెయ్యి చాచి, కళ్ళు చిట్లించి కెప్టెన్. ఎంత బాగుందంటే ఆమె ముందు ఫోటోని చూసింది. ఎవరు తీశారో అనుకుంది కూడా, ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణానికి తనని తాను ఇప్పటికీ మన్నించలేదు. తర్వాత అడుగున సన్న అక్షరాల్లో తన పేరు కనిపించింది. పేరు వేశారు. ఎవరూ దొంగతనం అనడానికి వీల్లేకుండా బుద్ధిగా వేశారు. ఎడమవైపు కత్తిరించారు. కత్తిరించిన అంచు దగ్గర, నురగలో నురగలా, తమ్ముడి మూడు వేళ్ళు మిగిలిపోయాయి. తెలిసినవాళ్ళకి తప్ప తెలియదు. లోపలి పేజీలో కెప్టెన్‌తో ముఖాముఖి: కుర్రాడు తొందరపడ్డాడు, అనుభవం లేదు, పాపం, సముద్రం ఎవరినీ మన్నించదు.

తమ్ముడికి అప్పుడు రెండు కళ్ళకీ కట్టే. కాగితం చప్పుడు విని, ఏంటక్కా అది, అన్నాడు. చెప్పింది. దాచడం ఆమెకి చేతకాదు. మనం తీసిందేనా? మనం తీసిందే. బాగా పడిందా? ... బాగా పడింది. నేనున్నానా? చెయ్యి ఉంది, అంది. వాడు, పోనీలే, ఆ చేతికి కట్టు లేదు కదా, అని నవ్వాడు. నవ్వితే కుట్లు లాగుతాయని నర్సు కేకలేసింది. ఇంటికొచ్చాక అమ్మ ఆ పత్రిక తీసుకుంది. అమ్మది కుట్టుపని. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తీసి, జాకెట్టు గుడ్డ కత్తిరించినంత జాగ్రత్తగా, కెప్టెన్‌ని కత్తిరించి ముక్కలు చేసి చెత్తలో పడేసింది. మూడు వేళ్ళున్న అంచుని మాత్రం మిషను సొరుగులో పెట్టుకుంది. దారం కోసం సొరుగు తెరిచినప్పుడల్లా చూసేది. చూసినప్పుడల్లా మిషను తొక్కడంలో జోరు పెరిగేది. నీకు ఆ నీళ్ళ పిచ్చి లేకపోతే వాడికి అంటుకునేదా అని ఒక్క మాట, ఒక్కసారే, భోజనాల దగ్గర అంది. అది కూడా కెప్టెన్ ఖాతాలోనే రాసుకుంది ఆమె.

తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగింది. సర్ఫింగు మాత్రమే కాదు. రేవులు, పర్వతాల మీది బస్సులు, స్టేషన్లలో మూటల మీద తలలు పెట్టి నిద్రపోయే కుటుంబాలు, వానలో ఒకే గొడుగు కింద ఇద్దరు సన్యాసినులు. ప్రతి విమానాశ్రయంలోనూ అదే గొడవ, అయ్యా ఫిల్ము ఇది, ఆ ఎక్స్‌రే యంత్రంలో పెట్టకండి, చేత్తో చూడండి, మసకబారిపోతుంది. వాళ్ళు రీళ్ళని ఎండు ద్రాక్షల్లా పట్టుకుని వాసన చూసినంత పని చేసేవారు. హోటలు గదుల్లో బాత్రూము కిటికీకి మేకులతో దుప్పటి బిగించి, చీకట్లో కూర్చుని, చేతి వేళ్ళతోనే చూస్తూ రీళ్ళు మార్చేది. ఆ చీకట్లో కెప్టెన్ వచ్చేవాడు. పిలవకుండానే వచ్చి ఎదురుగా బక్కెటు మీద కూర్చునేవాడు. ఆమె వాడికి రకరకాల చావులు ఇచ్చి చూసింది. ఏదీ నచ్చలేదు. చస్తే పోస్టర్లు ఇంకా పెద్దవి వేస్తారు. పోటీల్లో ఓడిపోవాలని కోరుకుంది, ఓడిపోయాడు కూడా, ఓటమి మీద ఇంకో పుస్తకం రాసుకుని గెలిచాడు. ఏం తీసుకుంటే వాడి దగ్గర ఉన్నది పోతుంది? వాడి దగ్గర ఉన్నదేమిటి? కనిపించడం. వాడు కనిపించడంతోనే బతుకుతున్నాడు. అన్నం లేకపోయినా ఉంటాడు, ఎవరూ చూడని అల మీద మాత్రం లేవలేడు. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె హాయిగా నిద్రపోయింది.

తమ్ముడు మాత్రం మర్చిపోయాడట. రేకుల షెడ్డులో విరిగిన బోర్డులకి గుడ్డలు అతికించి, జిగురు పోసి, గీకి నున్నగా చేస్తాడు. మొహానికి గుడ్డ, జుట్టునిండా తెల్లటి పొడి. మిగిలిన ఒక్క కన్నుతో దూరం అందదు. గ్లాసు పక్కన నీళ్ళు పోసి, ఓహో గ్లాసు జరిగిందే అని గ్లాసుని తిడతాడు. అలల్లోకి వెళ్ళడు, వచ్చే అల ఎంత దూరంలో ఉందో తెలియనివాడు ఎలా వెళ్తాడు. ఈ పని ఒప్పుకున్నానని చెబితే గీకుతున్న చెయ్యి ఆపకుండా, వెళ్ళక్కా, మంచిదే, అన్నాడు. "నీకేం అనిపించట్లేదురా?" అంది. "అనిపించేది. ఇప్పుడు లేదు. నా కన్ను, నేను వదిలేశాను." "నేను వదల్లేదు." "నీది పోలేదు కదక్కా, నీకు వదలడానికి ఏముంది," అన్నాడు వాడు, నిజంగా తెలియక అడిగినట్టే. ఆ మాట మీద ఆమె వాడితో వారం మాట్లాడలేదు. వాడి కన్ను వాడిష్టం. కానీ ఆ కన్ను పోవడం చూసిన కళ్ళు ఆమెవి. వాటి మీద వాడికేం హక్కు ఉంది, ఆమె తరఫున మన్నించెయ్యడానికి.

ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ కెప్టెన్ ఎంత మంచివాడైపోయాడో. పెట్టె బరువుగా ఉంది, ఇలా ఇవ్వు చెల్లెమ్మా. ఎండలో నిలబడకు చెల్లెమ్మా. మోకాలికి పట్టీ వేసుకుంటాడు, పొద్దున్నే బోర్డుకి మైనం రాసేటప్పుడు వంగి లేవలేక కర్ర పట్టుకున్నట్టు బోర్డునే పట్టుకుని లేస్తాడు, కణతల దగ్గర నెరిసింది. జాలి పడటానికి కావలసినవన్నీ తెచ్చుకున్నాడు. మొదటి రోజే అడిగాడు: "మనవాడెలా ఉన్నాడు?" మనవాడు. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చింది. బాగున్నాడండీ, అంది. నిన్న సాయంత్రం, అద్దె ఇంటి మెట్ల మీద కూర్చుని సముద్రం చప్పుడు వింటూ ఉన్నట్టుండి అన్నాడు, "ఆ రోజు సంగతి నాకూ బాధే చెల్లెమ్మా. ఏం చేస్తాం, సముద్రం అలాంటిది." ఆమె ఎదురుచూసింది. ఇంకొక్క మాట వస్తుందేమో, ఒకే ఒక్క మాట, నేనే దిగాను, అని. వస్తే ఏం చేసేదో ఆమెకే తెలియదు. బహుశా ఏడ్చేది. బహుశా ఈ పొద్దున వేలు దాని పని అది చేసేది. వాడు ఆవులించి, రేపు పెద్దవొస్తాయట, తొందరగా పడుకుందాం, అని లేచాడు. సముద్రమట. సముద్రం బోర్డు మీద నిలబడి వచ్చిందా?

మెడ బిగిసింది.

ఆమె చూసేసరికి వాడు అప్పటికే బోర్డు మీద బోర్లా పడి చేతులతో తోసుకుంటున్నాడు, బయటికి, ఇంకా బయటికి. మోకాలి పట్టీ లేదు, నెరిసిన కణతలు లేవు, పాతికేళ్ళవాడిలా తోస్తున్నాడు. దూరంగా దిగంతం మీద ఒక నల్లగీత మందమైంది. తర్వాత దాని వెనక ఆకాశం తగ్గింది. ఆమె కాళ్ళు వాటంతటవే పని మొదలుపెట్టాయి: ఇటు కాదు, కొంచెం ఎడమకి, రాతిగట్టు ఎక్కడ మొదలవుతుందో అక్కడ, నీరు కిందనుంచి లాగేసుకుంటున్నచోట. ఇన్నేళ్ళ ఒళ్ళు, దానికి పగా తెలియదు ఏమీ తెలియదు, తీసుకెళ్ళి సరైన చోట నిలబెట్టింది. కన్ను పెట్టె వెనక గాజుకి ఆనింది. వేలు మీట మీద పడింది. సూర్యుడు కెరటం వెనకనుంచి, కొంచెం కుడిపక్కకి. అడిగి తెచ్చుకున్నా దొరకని వెలుగు.

కెరటం లేచింది. నీరు అంత నిశ్శబ్దంగా అంత ఎత్తుకి లేవగలదని ఆమె ఎప్పుడూ చూడలేదు. పైన అంచు పలచబడి, దానిలోంచి ఎండ దూసుకొచ్చి, మొత్తం గోడ సీసా పగలగొట్టి లోపలినుంచి చూసినట్టు పచ్చగా వెలిగింది. లోపల ఇసుక రేణువులు కూడా కనిపిస్తున్నాయి, తెగిన నాచు ఒకటి జండాలా నిలువుగా ఎక్కుతోంది. వాడు లేచాడు. ఆలస్యంగా, భయం వేసేంత ఆలస్యంగా, బోర్డు గాలిలో ఒక్క క్షణం తేలి అతుక్కుంది, వాడు పడలేదు, అడుగుకి దిగి, తిరిగి, వంగి, అంచు వాడి మీదుగా విసురుగా పడి వాడిని లోపల వేసుకుని మూసుకుంది. ఇప్పుడు వాడు పచ్చటి గదిలో ఉన్నాడు. ఆ గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీలో ఆమె ఉంది. వాడు ఆమెకేసి వస్తున్నాడు. ఎడమ చెయ్యి నీటిగోడలో గీత గీస్తోంది, ఆ గీతలోంచి తుంపర్లు వెలుగు రవ్వల్లా లేస్తున్నాయి, మొహం మీద ఏ నటనా లేదు, పోస్టరు మొహం కాదు, చిన్నపిల్లవాడి మొహం, నోరు తెరుచుకుని ఉంది. ఇప్పుడు. వేలు అంది, ఇప్పుడు. ముంజేతిలో నరాలు తీగల్లా లాగాయి. ఫ్రేములో అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, ఒక వెంట్రుక కూడా ఇటు జరగక్కర్లేదు, ఆమె పుట్టిందే దీనికోసం కావచ్చు, ఇప్పుడు, ఇప్పుడు, వాడి కళ్ళు ఆమె కళ్ళని పట్టుకున్నాయి, నువ్వున్నావు కదా అన్నాయి, ఉన్నాను అంది ఆమె లోపల, చూస్తున్నాను, పూర్తిగా చూస్తున్నాను. పళ్ళు కరుచుకుంది. దవడ ఎముక చప్పుడైంది. వాడు చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఆమెని దాటి వెళ్ళిపోయాడు. కెరటం ఆమె మీద కూలింది.

కింద చీకటిగా, తెల్లగా, చీకటిగా తిరిగింది. పెట్టెని పొట్టలోకి ముడుచుకుని, ముడుచుకున్నచోట ఏదో తెగినట్టు, ఆకలో నొప్పో తెలియనిది. పోయింది. ఆ కెరటాన్ని ఇంకెవరూ ఎప్పటికీ చూడరు. పైకి వచ్చి ఊపిరి పీల్చుకునేసరికి నీళ్ళన్నీ నురగ, సబ్బునీళ్ళలా చిటపటలాడుతోంది, అవతల ఎక్కడో వాడు కేక పెడుతున్నాడు. మాటలు కావు, ఊరికే కేక. తర్వాత తోసుకుంటూ వచ్చాడు, దగ్గుతూ, నవ్వుతూ, కళ్ళు ఎర్రగా.

"చూశావా చెల్లెమ్మా?"

"చూశాను."

"నా జన్మలో... ఇన్నేళ్ళలో నాకలాంటిది..." మాట రాక బోర్డుని అరచేత్తో కొట్టాడు. "పడిందా?"

పడిందండీ అనాలి. నాలిక మీదే ఉంది, ఎన్ని రోజులుగానో మెత్తగా నానబెట్టుకున్న మాట. కానీ అలా అంటే వాడు రోజుల తర్వాత, ఫోనులో, ఆమెకి కనిపించనిచోట, ఏ కుర్చీలోనో కూర్చుని తెలుసుకుంటాడు. ఆ క్షణం ఆమెకి దక్కదు. అంత కాలం ఆగినదానికి అది మరీ చిన్నదనిపించింది.

"లేదు," అంది.

"ఫిల్ము అయిపోయిందా?"

"ఉంది."

"లెన్సు మీద నీళ్ళు పడ్డాయా? పోనీ, అది కూడా ఒక్కోసారి బాగానే..."

"పడలేదు. అద్దం శుభ్రంగా ఉంది."

"మరి పెట్టెలోకి నీళ్ళొచ్చాయా?" ఆమె చెప్పాలనుకున్న అబద్ధాలన్నీ వాడే ఒక్కొక్కటీ అందిస్తున్నాడు, ఏదో ఒకటి తీసుకోమని.

"ఏమీ కాలేదు. నేను నొక్కలేదు. వేలు దాని మీదే ఉంది, నొక్కలేదు."

చిన్న అల ఒకటి ఇద్దరినీ పైకెత్తి దించింది. వాడు చూస్తున్నాడు. ఎందుకు అని అడగబోయాడు, పెదాలు కదిలాయి.

"మా తమ్ముడు నీకంటే ముందు లేచాడు," అంది ఆమె. "ఆ అల వాడిది. నువ్వు దిగావు."

నువ్వు అన్నానని ఆమెకి ఒక క్షణం తర్వాత తెలిసింది. వాడికి ముందే తెలిసింది. వాడు కాదనలేదు. అదే ఆశ్చర్యం, సముద్రాన్ని పిలవలేదు, తొందరపడ్డ కుర్రాణ్ణి పిలవలేదు. నవ్వు ఇంకా నోట్లోనే ఉండిపోయింది, కళ్ళు మాత్రం దాన్ని వదిలేసి వెళ్ళిపోయాయి. తర్వాత నవ్వుకి ఎవరూ తోడు లేక అదీ పోయింది. తల తిప్పి దిగంతం వైపు చూశాడు. అక్కడ గీత సన్నగా, తిన్నగా, ఇస్త్రీ చేసినట్టు ఉంది. పోటు తిరిగిపోయింది, నీళ్ళు అప్పుడే వెనక్కి తీస్తున్నాయి.

"అది మళ్ళీ రాదు," అన్నాడు, ఆమెతో కాదు.

"రాదు."

వాడు ఆమె వైపు తిరిగాడు. అప్పుడా మొహం ఎలా ఉందంటే, ఎవరో ఇంట్లోని సామానంతా తీసుకెళ్ళిపోయాక గోడల మీద పటాలుండే చోట మిగిలే తెల్లటి మచ్చల్లా ఉంది; వయసు, మోకాలు, నెరిసిన కణతలు అన్నీ ఒక్కసారే తిరిగొచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాయి. మొట్టమొదటిసారి వాడికి తను ఎలా కనిపిస్తున్నాడో తెలియలేదు. ఆమె పెట్టె ఎత్తింది. తీయొద్దు, అన్నాడు వాడు, చాలా నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు. ఆమె నొక్కింది. లోపల ఫిల్ము జరిగింది. మళ్ళీ నొక్కింది. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, పెట్టుకోవచ్చని తోచలేదు. ఉన్నవన్నీ, ఒక్కటి మిగల్చకుండా, రీలు చివర తగిలి మీట మొరాయించేదాకా నొక్కింది.

ఒడ్డున పబ్లిషరమ్మ చెప్పులు చేత పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వచ్చేసింది, మెళ్ళో బైనాక్యులర్స్ ఊగుతున్నాయి. "ఏమండీ, నాకొక చుక్క కదిలినట్టు తప్ప ఏమీ కనబళ్ళేదు, కెప్టెన్ గారు ఎలా చేశారు?"

"చాలా బాగా చేశాడండీ. అంత బాగా ఎవరూ చెయ్యగా నేను చూడలేదు."

"అమ్మయ్య. అయితే పుస్తకం కవరు మీదికి ఫోటో దొరికినట్టే."

"లేదండీ. నేను తీయలేదు."

ఆవిడ నవ్వింది, వేళాకోళమనుకుని. నవ్వు ఆగేదాకా కూడా ఆమె నిలబడలేదు. ఇసుక మీద సంచీ దగ్గర కూలబడి, రబ్బరు రెక్కలు విప్పి, రొట్టె తీసి కొరికింది. ఇంత ఆకలి ఎప్పుడు వేసిందో గుర్తులేదు. రొట్టె ఉప్పగా ఉంది, చేతులు ఉప్పగా ఉన్నాయి. బాగుంది. నిజంగా బాగుంది, ఆ మొహం ఆమె దగ్గర ఉంది, చీకట్లో చుట్టుకుని, ఎవరూ కత్తిరించలేనిచోట. నమలడం ఆపి కళ్ళు మూసుకుంది, ఆ మొహాన్ని ఇంకోసారి చూసుకుందామని. మొహం రాలేదు. పచ్చటి గోడ లేచింది, పలచటి అంచులోంచి ఎండ దూసుకొచ్చింది, నాచు నిలువుగా ఎక్కింది, చెయ్యి నీటిలో గీత గీసుకుంటూ వచ్చింది. కళ్ళు తెరిచింది. మోకాలి మీద చూపుడువేలు దానంతటది కదులుతోంది, అక్కడ మీట ఉన్నట్టు నొక్కుతూ, ఆగి, మళ్ళీ. ఆమె రొట్టె పక్కన పెట్టి ఆ వేలిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. పట్టుకున్నా అది ఆగలేదు.